మందు చర్ల దాకా రావాలి

అత్యావశ్యక మందుల గరిష్ఠ ధర నిర్ణయించేది రాష్ట్రం కాదు. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు కింద ఢిల్లీలోని జాతీయ ఔషధ ధరల సంస్థ. రాష్ట్రం చేతిలో ఉన్నది టోకున కొని సర్కారు దవాఖానాల్లో ఉచితంగా ఇవ్వడం. తమిళనాడు 1994లోనే అందుకు ఓ కార్పొరేషన్ పెట్టింది. మన తెలంగాణలో ఆ పని రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ (టీజీఎంఎస్‌ఐడీసీ)ది.

అలా మందులు అందాల్సిన భద్రాచలం ఏరియా ఆసుపత్రికి చర్ల, దుమ్ముగూడెం మండలాల వాళ్లే కాదు, 2014లో ఆంధ్రలో కలిసిన చింతూరు, కూనవరం నుంచీ, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచీ వస్తారు. వీళ్లలో బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు బిళ్లలు నెలనెలా కావాలి. స్టాకు లేదంటే చీటీ పట్టుకుని బయట మెడికల్ షాపుకే పోవాలి. డబ్బు చాలక సగం బిళ్లలే కొనుక్కునేవాళ్లను తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

అధికారులకు నా విన్నపం ఒక్కటే: మందులకు ఇండెంట్ వేసేటప్పుడు సరిహద్దు అవతలి నుంచి వచ్చే రోగుల్నీ లెక్కలో వేయండి.