పునర్నవ

వేసవిలో బావినీరు వంటకును స్నానములకునే చాలని యిండ్లలో పూలతోట యెట్లు సాగును? అనంతపురమున మా పెరడంతయు మేము అటికమామిడికి విడిచితిమి. రైతులు దీనిని కలుపందురు. మా కిదియే తోట. నేలనంటి నలుదిక్కులకు ప్రాకి, వానకు మన్ను కొట్టుకొనిపోనీయదు. బియ్యపుగింజంతేసి గులాబిరంగు పూవులు చూడ ముచ్చట. లేతాకు పప్పులో వేసిన కమ్మగా నుండును. జిగురుకాయలు మాత్రము చీర కుచ్చిళ్లను విడువవు, అదొక్కటే బాధ!

ఎండలు ముదిరినంతనే తీగలెల్ల నెండును. ఈ వేసవిని మా యత్తగారు పీకించెదమనిరి. మేము మొదట త్రవ్వి, లోతున పచ్చిగానున్న తల్లివేరును చూపితిమి. ఏటేట తొలకరికి ఆ వేరే మరల చిగుర్చును. సంస్కృతమున పునర్నవ యనుట యందులకే. ఆమె మాటాడక వేరును మన్నుతో కప్పి, చేతిలోని చెంబెడు నీళ్లు తులసికి పోసిరి.