బౌండరీ, బార్డరు

ఆంగ్లమున బౌండరీ, బార్డరు అను రెండు మాటలు కలవు. తెలుగున రెంటికిని సరిహద్దు అనియే చెప్పుకొందుము. కాని వాడుకను గమనించినచో రెండును ఒకటి కావని తోచును.

బౌండరీ యనునది గీత. 1947లో దేశవిభజనమునకై రాడ్‌క్లిఫ్ అధ్యక్షతన ఏర్పడినది బౌండరీ కమిషను. పటముపై గీత గీయుట దాని పని. 1965లో ఏర్పడినది బార్డరు సెక్యూరిటీ ఫోర్సు. గీతను ఆనుకొనియున్న నేలను కాచుట దాని పని. గీతకు వెడల్పు లేదు. దానిపై ఎవరును కాపురముండజాలరు. బార్డరునకు వెడల్పు గలదు. అందు పొలములు, బావులు, జనులు ఉందురు. మన స్త్రీలు చీర బార్డరు అను మాటను ఏనాడో తమదిగా చేసికొనిరి. చీరకు బౌండరీ యని ఎవరును అనరు గదా! అంచు చీరతోపాటు నేయబడినది, చీరలోనిది.

కోర్పనా వాసులమైన మాకు ఈ భేదము పుస్తకములలోని ముచ్చట కాదు. ఒకప్పుడు ఈ ప్రాంతము చేరియుండిన రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిది. ఆ యేట నవంబరు 1న బొంబాయి రాష్ట్రమునకు మారి నాందేడు జిల్లాలోను, 1959లో చాందా జిల్లాలోను చేరినది. 1960లో మహారాష్ట్రము ఏర్పడినది. మరాఠీవారు అధికులగుటచే జరిగిన ఈ మార్పును నేను తప్పుపట్టను. అయితే మా తాతగారు ఇల్లు కదలలేదు. సరిహద్దే ఇంటిని దాటి వెళ్ళినది. అయినను “మీరెప్పుడు వలస వచ్చితిరి?” అని నన్ను పలువురు అడిగియున్నారు. అడుగువారి మనస్సున ఉన్నది బౌండరీ; మేము బ్రదుకుచున్నది బార్డరున. మరాఠీ, తెలుగు, గోండీ, కొలామీ పోగులన్నియు ఈ అంచున కలిసియున్నవి.

గీత మారిన 1956లోనే ఏడవ సవరణచే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన సౌకర్యములు కల్పింప రాష్ట్రములు యత్నింపవలెనని దాని ఆదేశము. కాని మా యింటి బిడ్డలు తెలుగున మాటలాడుదురు, మరాఠీలో చదువుదురు. తెలుగు అక్షరము కనబడిన తెల్లబోవుదురు. మరాఠీ వారికి అన్నము పెట్టు భాష. దానిని చక్కగా నేర్వవలసినదే. తెలుగును మాత్రము గీతకు ఆవలివారి సొత్తని వారు తలచిరా, మన అంచు ఒక్క తరములో వెలిసిపోవును.

ప్రభుత్వమును సౌకర్యములు అడుగుదము. ఈలోగా సాయంకాలము అరగంట మన బిడ్డలచే ఓనమాలు దిద్దింతము. దానికి ఏ కమిషను తీర్పును అక్కరలేదు.