రెండించీల ఎత్తు

జిమ్నీ కొన్నవాళ్ళకి మొదట పుట్టే కోరిక, బండిని ఇంకాస్త లేపాలని. నాకూ పుట్టింది. దానికో కారణం కూడా ఉండింది.

బంగారుపాళ్యం దాటినాక, మొగిలి కనుమ మొదలయ్యే ముందు, కొండ వాలులో మాకు మూడెకరాల తోతాపురి తోపు ఉంది. నాన్న సమాధి అందులోనే. తారురోడ్డు నుంచి అక్కడికి కిలోమీటరు మట్టిదారి. మామిడికాయల కాలంలో ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండువైపులా గాళ్ళు పడి, నడుమ మట్టి ఎద్దు వీపులా లేచి ఉంటుంది. చివర్లో ఒక వంక. అది దాటగానే నిటారుగా ఒక గెనిమ, అంటే పొలం గట్టు. అమ్మకు రెండు మోకాళ్ళూ అరిగిపోయినాయి, నడవలేదు. పాత చిన్నకారు దారి మొదట్లోనే ఆగిపోయేది. అమ్మ దిగకుండానే తోపు వైపు దండం పెట్టుకుని "పోదాం పాపా" అనేది. ఆ కిలోమీటరు కోసమే జిమ్నీ తీసుకున్నాను.

జిమ్నీ గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు. అయినా నడుమ మట్టికి కింద గీరుకునింది, గెనిమ మీద పొట్ట ఆనింది. తిరుపతిలో ఇలాంటి పనులు చేసే మెకానిక్ దగ్గరికి పోతే, బండి చుట్టూ ఒక రౌండు కొట్టి, "రెండించీలు లేపేద్దాం మేడం, పులిమాదిరి నిలబడతాది" అన్నాడు.

లేచేది ఏమిటన్నదే అసలు ప్రశ్న. జిమ్నీకి ముందూ వెనకా, చక్రం నుంచి చక్రానికి ఒకటే ఇరుసు. ఇరుసు మీద గుమ్మడికాయలా ఉబ్బిన భాగం డిఫరెన్షియల్. బండి కింద నేలకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది అదే. పొడుగు స్ప్రింగులు వేసినా, ఉన్న స్ప్రింగుల మీద స్పేసర్ బిళ్ళలు పెట్టినా, లేచేది ఛాసిస్, దాని మీద కూర్చున్న మనం. ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. అది లేవాలంటే టైరు పెద్దది కావాల్సిందే.

కంపెనీ టైరు 195/80 ఆర్15. లెక్క కడితే దాని ఎత్తు 693 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 వేస్తే సుమారు 733. తేడా 40. ఇరుసు టైరు మధ్యలో ఉంటుంది కాబట్టి నేల నుంచి లేచేది అందులో సగం, అంటే 20. ఒక వేలి మందం! దానికి బదులుగా, మీటరులో 60 చూపిస్తున్నప్పుడు బండి 63 మీద పోతూ ఉంటుంది. బరువైన టైర్లను తిప్పడానికి ఇంజను ఆయాసపడుతుంది.

1985లో వచ్చిన మారుతి జిప్సీ కథ వేరు. దానివి కమాన్ కట్టలు. ఇరుసు కింద ఉండే కట్టను పైకి మారిస్తే నాలుగైదించీలు లేచేది. జిమ్నీవి కాయిల్ స్ప్రింగులు. రెండించీలకే, ఇరుసును పక్కలకు పోకుండా పట్టుకునే పానార్డ్ రాడ్డు వంపు మారి, ఇరుసు ఒకవైపు జరుగుతుంది. క్యాస్టర్ కోణం తగ్గి, మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను నేరుగా రావడానికి బద్ధకిస్తుంది. బ్రేకు గొట్టాలు చాలకపోవచ్చు. హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలో కొడతాయి. మంచి కిట్‌లో వీటిని సరిచేసే సామాన్లు ఉంటాయి. చౌక కిట్‌లో నాలుగు బిళ్ళలే ఉంటాయి.

పైగా ఇది 1,645 మిల్లీమీటర్ల వెడల్పు, 1,720 ఎత్తు ఉన్న బండి. ముందే వెడల్పుకంటే ఎత్తు ఎక్కువ. కిలోమీటరు మట్టిదారి కోసం లేపిన బండిలోనే మళ్ళీ తిరుపతికి హైవే మీద రావాలి. ఎప్పుడైనా హార్స్‌లీ హిల్స్ పోదామంటే భాకరాపేట కనుమ మలుపులన్నీ తిరగాలి.

చట్టం సంగతి కూడా చూశాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలలదాకా జైలు, లేదంటే రెండూ.

ఇవన్నీ పక్కనబెట్టి, మెకానిక్ దగ్గర అప్పటికే లేపి పెట్టిన జిమ్నీ ఒకటుంటే అమ్మను ఎక్కి చూడమన్నాను. డోరు పట్టుకుని కాలెత్తి, సగంలోనే దించేసింది. "దీన్ని ఎక్కాలంటే ముందు నిచ్చెన ఎక్కాల గదా పాపా" అనింది. సైడ్ స్టెప్ వేద్దామన్నాడు మెకానిక్. అది వేలాడేది బండి కిందికే. లేపిన ఎత్తును మన చేతులతో మనమే వెనక్కి ఇచ్చినట్టు.

తర్వాతి ఆదివారం టేపు పట్టుకుని దారంతా కొలిచాను. గాడి అడుగు నుంచి నడుమ మట్టి ఎత్తు, ఎక్కువున్న చోట 240 మిల్లీమీటర్లు. పెద్ద టైర్లు వేసినా క్లియరెన్స్ 230 దాటదు. అంటే ఆ దారికి కావాల్సింది పలుగూ పారా. ఇద్దరు మనుషులకు ఒకపూట పని.

గెనిమ దగ్గర మాత్రం కిట్ నిజంగానే పనికొస్తుంది. విదేశాల్లో అమ్మే మూడు డోర్ల జిమ్నీకంటే మన అయిదు డోర్లదానికి చక్రాల మధ్య దూరం 340 మిల్లీమీటర్లు ఎక్కువ. అందుకే గట్టు మీద పొట్ట ఆనుతుంది. ఛాసిస్ లేస్తే ఆనదు. లేదంటే గట్టుకు అటూ ఇటూ గరుసు పోసి ఏటవాలు చేయాలి. కానీ అది మా చిన్నాయన గెనిమ. భాగాలు పంచుకున్నప్పటి నుంచీ మా రెండిళ్ళకూ మాటల్లేవు. కిట్ వేయించుకుంటే ఆయన్ని అడగాల్సిన పనిలేదు. రెండించీల ఎత్తులో నాకు అన్నిటికంటే బాగా నచ్చిన గుణం అదేనేమో.

అమ్మ కాలు సగంలో దించడం చూశాక పోయి అడిగాను. చిన్నాయన పాలక్యాను కడుగుతూ తలెత్తలేదు. "మాయన్న కాడికి పోయేదానికి నన్ను అడిగేదేంది? తోలుకోపో" అన్నాడు. అంతే. కూర్చోమనలేదు, కాఫీ ఇమ్మని లోపలికి కేక వేయలేదు.

రెండు ట్రాక్టర్ల గరుసు పట్టింది. అమ్మ ముందు సీట్లో కూర్చుని సమాధిదాకా వచ్చింది. అక్టోబరు, నవంబరు వానలకు వంక పారితే ఆ గరుసులో సగం కొట్టుకుపోతుంది. మళ్ళీ తోలించాలి. మళ్ళీ ఆ ఇంటికి పోయి అడగాలి.