నేను చదివిన రెండు నవలలు

గత వేసవిలో మా చెల్లెలి కుమార్తె సెలవులు గడుపుటకై మా యింటికి వచ్చినది. ఏడవ తరగతి ముగించి ఎనిమిదవ తరగతిలో చేరబోవుచుండెను. ఆ దినములలో నా బల్లపై రెండు నవలలుండెను. ఒకటి దాసరి సుబ్రహ్మణ్యముగారి ‘తోకచుక్క’. మరియొకటి అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’. రెండును నేను చిన్నతనమున చదివినవే. కార్యాలయమునకు పదిదినములు సెలవు దొరకుటచే మరల చదువ మొదలిడితిని. పగలు గన్నారెడ్డి, రాత్రి తోకచుక్క. ఇట్లు రెంటిని కలిపి చదువుట మంచి అలవాటని చెప్పను. ఒక్కొక్క రాత్రి నిద్రలో ఓరుగల్లు కోటలోనికి ఒంటికంటి మాంత్రికుడు దూరి వచ్చుచుండెను.

‘తోకచుక్క’ 1954లో చందమామ మాసపత్రికలో ధారావాహికగా వెలువడ నారంభించినది. అప్పట్లో ఆ పత్రిక ధారావాహికలకు రచయిత పేరు వేయు ఆచారము లేదు. అందుచేత తెలుగునాట ఎందరో పిల్లలు సుబ్రహ్మణ్యముగారి కథకై నెలనెల ఎదురుచూచిరి గాని, ఆయన పేరు మాత్రమెరుగరు. చిత్రాగారు వేసిన బొమ్మలు అందరికిని జ్ఞాపకమే. మా పెదనాన్నగారి యింట అటకపై దారముతో కుట్టిన పాత సంచికల కట్ట యొకటి యుండెడిది. నేను నిచ్చెన వేసికొని పైకెక్కి, చెమటలు కారుచుండగా బోర్లపండుకొని ఆ కథ చదివితిని. భోజనమునకు పిలిచినను దిగలేదని దెబ్బలుకూడ తింటిని.

కుండలినీద్వీపమున ఆకాశములో ఒక తోకచుక్క కనబడుటతో కథ మొదలగును. ఏదో కీడు మూడనున్నదని ప్రజలు తల్లడిల్లుదురు. సేనాని యైన సమరసేనుడు ఓడలపై బయలుదేరి, ముందెన్నడు చూడని తీరమునకు చేరును. అచ్చట ఏకాక్షి, చతుర్నేత్రుడు అను ఇద్దరు మాంత్రికులకు బద్ధవైరము. చతుర్నేత్రునికి ఒక గుడ్లగూబయు, ఒక నరవానరమును పరిచారకులు. ఇక అడుగడుగున గండమే.

ఈసారి చదివినప్పుడు నన్నాకర్షించినది మాంత్రికులు కారు, సమరసేనుడు. అతనికి మంత్రము రాదు. చేతిలో ఒక కత్తి, వెంట కొందరు భటులు, మనసులో ఇల్లు చేరవలెనను కోరిక, అంతే. మంత్రగాండ్ర నడుమ మంత్రము లేనివాడెట్లు బ్రతికి బయటపడును అనునదే కథకు ప్రాణము. చిన్నతనమున నేను గుడ్లగూబ కొరకు పుటలు తిప్పితిని. ఇప్పుడు సమరసేనుని కొరకు తిప్పితిని. అయినను ఒక లోపము చెప్పక తప్పదు. అతడు ఆపదలో పడిన ప్రతిసారియు ఏదో యొక సహాయము ఎక్కడినుండియో ఊడిపడును. ఇది ధారావాహిక గుణము. నెల చివర నాయకుని ఏ పులి నోటి ముందరనో నిలుపవలెను. లేనిచో మరుసటి సంచికకై ఎవరు ఎదురుచూచెదరు? నెలకొకసారి చదివినవారికి అది రుచియే. ఒక్క బిగిని చదువువారికి మాత్రము ఇరువదవ ఆపదకడ ఆవులింత వచ్చును. అతని కత్తికి మరికొంత పని కల్పించియుండిన బాగుండెడిదని నా కనిపించినది.

మా మేనకోడలికి ఆవులింత రాలేదు. రెండు రాత్రులలో పుస్తకము ముగించినది. నరవానరము నిజముగా ఉన్నదా లేదా అని ఆమె నన్నొక్కసారియు అడుగలేదు. ఈ సంగతి నాకప్పుడు తట్టలేదు, తరువాత తట్టినది.

పిమ్మట ఆమె ‘గోన గన్నారెడ్డి’ చేపట్టినది. కాకతి రుద్రమదేవి కాలమునాటి కథ. నవల ఆరంభమున ఆదవోనిలో గొప్ప పెండ్లి జరుగుచుండును. పెండ్లికూతురు అన్నాంబిక. గజదొంగయని పేరుపడిన గన్నారెడ్డి తన వీరులతో వచ్చి పడి, ఏకముగా పెండ్లికుమారునే ఎత్తుకొని పోవును! పెండ్లికూతురిని ఎత్తుకొని పోవు కథలు మనకెన్నియో కలవు. వరుని ఎత్తుకొని పోవుట ఎక్కడ విన్నాము? పోనుపోను తెలియును, ఈ దొంగతనమంతయు రుద్రమదేవి రాజ్యమును కాపాడుటకేనని.

బాపిరాజుగారు కవి, చిత్రకారుడు కూడను. అందుచే ఆయన నవలలో పాత్ర గదిలోనికి వచ్చిన, ముందు చీర అంచు, పిమ్మట నగలు, తరువాత స్తంభముపై చెక్కడము, ఆ పిమ్మటనే మాట. నాకిది యిష్టము. మా మేనకోడలు మాత్రము ఆ పుటలన్నియు దాటవేసి, ‘‘ఇది బొమ్మలు లేని బొమ్మల పుస్తకం, మామయ్యా’’ అన్నది. ఆమె మాటలోను నిజము లేకపోలేదు. అశ్వముపై గన్నారెడ్డి దూకుచుండగా మనము నిలిచి నగలు లెక్కింప వలసివచ్చుట ఒకటి రెండు చోట్ల నాకును విసుగు కలిగించినది.

ఒకనాటి మధ్యాహ్నము నేను వరండాలో కూర్చుండి ఆవకాయకు మామిడికాయలు తరుగుచుంటిని. ఆమె పుస్తకములో వ్రేలుంచుకొని వచ్చి, ‘‘మామయ్యా, ఇదంతా నిజంగా జరిగిందా?’’ అని అడిగినది.

నేను తల ఎత్తలేదు. ‘‘ఆఁ, జరిగిందేనమ్మా. చారిత్రక నవల కదా!’’ అంటిని.

అంతటితో ఆ మాట మరచితిని. ఆమె మరువలేదు.

అర్ధసంవత్సర పరీక్షలో రుద్రమదేవి పాలనను గూర్చి ఒక ప్రశ్న వచ్చినదట. మా మేనకోడలు సంతోషముతో పుట నిండ వ్రాసినది. ఆదవోని పెండ్లి, వరుని అపహరణము, అన్నాంబిక సాహసము, గన్నారెడ్డి దొంగవేషములోని రహస్యము, సమస్తము. ఉపాధ్యాయుడు దానిపై అడ్డముగా ఎర్రగీత గీసి, ‘ఇది నవల, చరిత్ర వ్రాయుము’ అని వ్రాసెను. ఆయన చేసినది తప్పుకాదు. అదే కథ 2015లో ‘రుద్రమదేవి’ చలనచిత్రములో గన్నారెడ్డి పాత్రతో వచ్చియుండుటచే, తోటిపిల్లలు, ‘‘పరీక్షలో సినిమా కథ రాసింది!’’ అని నవ్విరట. మార్కులు పోయినందుకు ఆమె ఏడువలేదు. ఆ నవ్వునకు ఏడ్చినది.

ఈ సంగతి మా చెల్లెలు ఫోనులో చెప్పినది. మేనకోడలిని పిలువుమంటిని. ఆమె వచ్చి, నేనేమి చెప్పినను ‘ఊఁ’ కొట్టి, చివర నిట్లనినది: ‘‘తోకచుక్కే నయం మామయ్యా. అది అబద్ధమని ముందే తెలుసు. ఇంక నాకు చరిత్ర నవలలు ఇవ్వకు.’’

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొదట బాపిరాజుగారిపై కోపము వచ్చినది. ఇంత అందముగా కల్పించి, ఎక్కడ చరిత్ర ఆగినదో, ఎక్కడ తన ఊహ మొదలైనదో చెప్పవలదా అనుకొంటిని. మరునాడు గ్రంథాలయమునకు పోయి కాకతీయుల చరిత్ర పుస్తకములను ముందిడుకొని, ఏది రాతిలో ఉన్నది, ఏది లేదు అని వెదకితిని.

గన్నారెడ్డి కల్పితుడు కాడు. రాయచూరు కోటగోడలో నలుబది అడుగులకు పైగా పొడవున్న యొక మహాశిల కలదు. దానిపై 1294 నాటి శాసనమున్నది. గోన గన్నయరెడ్డి అధీనుడైన విఠలనాథుడు ఆదవోని మున్నగు దుర్గములను జయించి, ఆ కోటను కట్టించెనని దానివలన తెలియును. ఆదవోనియు ఉన్నది, గన్నారెడ్డియు ఉన్నాడు. ఆ రాతిలో అతడు అధికారము గల రాజపురుషుడు, దొంగ కాడు. దొంగతనము, పెండ్లి, వరుని అపహరణము నవలలోనివి.

రుద్రమదేవి సంగతి మరింత చిత్రము. ఆమె గణపతిదేవుని కుమార్తె. తండ్రి ఆమెను కుమారునివలె పెంచి రాజ్యమిచ్చెను. శాసనములు ఆమెను రుద్రదేవ మహారాజని పురుషనామముతో పేర్కొనుచున్నవి. ఇది నవలాకారుడు కల్పించినట్లుండును గాని నిజము. పదుమూడవ శతాబ్దమున మోటుపల్లి రేవును గూర్చి వ్రాసిన మార్కోపోలో ఆమె పాలనను మెచ్చుకొనుచు, ఆమె మరణించిన రాజునకు భార్య యని వ్రాసెను. కథకుడు కాడు, యాత్రికుడు, ఐనను పొరబడెను. గ్రంథాలయములో ఆ పుట చదివినప్పుడు నా కోపము కొంత చల్లబడినది.

నోరి నరసింహశాస్త్రిగారు కూడ రుద్రమదేవిపై నవల వ్రాసిరి. ఆయన పండితుడు, శాసనములు తెలిసినవాడు. ఆయన ‘నారాయణభట్టు’ నన్నయనాటి రాజమహేంద్రవరమును చూపు నవల. ఆ నారాయణభట్టునకు రాజరాజనరేంద్రుడు నందంపూడి గ్రామము దానము చేసిన శాసనము నేటికిని ఉన్నది. నరసింహశాస్త్రిగారి నడక నిదానము. బాపిరాజుగారి గుఱ్ఱమునకు అందదు. ఆయన పుస్తకము నేనిచ్చియుండిన మా మేనకోడలికి పరీక్షలో చిక్కు కొంత తగ్గెడిదేమో. కాని ఆమె పదియవ పుటకడ పుస్తకము మూసియుండెడిదని నా అనుమానము.

వెదకగా వెదకగా చందుపట్ల శాసనము కంటబడినది. నల్లగొండ జిల్లా నకిరేకల్లు ప్రాంతమున చందుపట్ల యను గ్రామము కలదు. అచ్చటి రాతిపై 1289 నవంబరు 27వ తేదీకి సరిపోవు తిథి చెక్కబడియున్నది. రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమునకు పోయిరనియు, వారి పుణ్యమునకై ఆమె కొలువువాడు పువ్వుల ముమ్మడి దేవునికి భూమి దానము చేసెననియు దానిలో ఉన్నది. అంతకు ముందటి చరిత్ర గ్రంథములు ఆమె 1295 ప్రాంతము వరకు ఏలినదని వ్రాసియుండెను. బాపిరాజుగారు 1952లో మరణించిరి. ఈ శాసనము పండితుల దృష్టికి వచ్చి, ఆ లెక్క మారినది ఆయన పోయిన పిమ్మటనే. ఆయనకు తెలియని దానికి ఆయనను నిందించుట ఎట్లు? ఆయన పుస్తకముపై ‘నవల’ అని వేసిరి. ‘జరిగినదే’ అన్నది నేను.

సంక్రాంతి సెలవులలో మేనకోడలిని తీసికొని చందుపట్లకు పోతిని. ఆమె అంత యిష్టముగా రాలేదు. బస్సులో ‘తోకచుక్క’ మరల చదువుచు కూర్చున్నది. గ్రామమునకు చేరి, ఆ రాతి యెదుట నిలుచుంటిమి. చిన్న రాయియే. కూడబలుకుకొన్నను ఆ పాతలిపిలో నాలుగక్షరములకన్న పోల్చుకొనలేకపోతిమి. నేను ఇంటినుండి వ్రాసి తెచ్చిన సారాంశమును చదివి వినిపించితిని. ఆమె పుస్తకము చంకలో పెట్టుకొని విన్నది.

‘‘ఆవిడ ఎట్లా చనిపోయింది?’’ అని అడిగినది.

‘‘కాయస్థ అంబదేవుడు ఆవిడ మీద తిరగబడ్డాడు. అతనితో యుద్ధంలో చనిపోయి ఉంటుందని పండితులు అంటారు. రాతిలో మాత్రం ఆ మాట లేదు.’’

‘‘అంటే చరిత్ర రాసేవాళ్ళు కూడా ఊహిస్తారా?’’

‘‘ఊహిస్తారు. అయితే ఇది ఊహ అని చెబుతారు. నేనే నీకు చెప్పలేదు. ఆ రోజు నువ్వడిగితే, తెలుసుకోకుండా నిజమేనన్నాను. తప్పు నాదమ్మా.’’

ఆమె ఏమియు అనలేదు. కొంతసేపు రాతి చుట్టును తిరిగి, వెనుకవైపు కూడ చూచి వచ్చినది.

తిరుగు ప్రయాణమున ‘తోకచుక్క’ సంచిలోనే ఉండిపోయినది. చిట్యాల దాటు వరకు ఆమె కిటికీలోనుండి చూచుచు కూర్చుండి, ఒక్కసారిగా నావైపు తిరిగి, ‘‘మామయ్యా, ఆ పువ్వుల ముమ్మడి కూడా యుద్ధంలో ఉన్నాడా? రాణి పడిపోయినప్పుడు పక్కనే ఉన్నాడా?’’ అని అడిగినది.

‘‘ఆ సంగతి రాతిలో లేదు. నాకు తెలియదు’’ అంటిని.

‘‘ఉన్నాడనుకుందాం’’ అన్నది. అని, నా జేబులోని కలము అడిగి తీసికొని, నేను వ్రాసి తెచ్చిన కాగితమును వెనుకకు త్రిప్పినది.