పెరటికొక మరుగుజ్జు

పెరట్లో బొమ్మ పెట్టాలనుకున్నాం. ఏ బొమ్మ అన్న దగ్గర యింటిల్లిపాదికీ పేచీ వచ్చింది. నాకు కొండపల్లి బొమ్మ యిష్టం. కాని పొణికి కర్ర వానకు ఆగదు; దాని చోటు అలమారాయే. మా ఆవిడ చూపించిన ప్లాస్టిక్ హంస ఎండకు వెలిసిపోతుంది. మా అమ్మాయి మాత్రం పొడుగు టోపీ, తెల్లగడ్డం మరుగుజ్జును వదలదు.

వీడు జర్మనీవాడు. 1847 ప్రాంతంలో చార్లెస్ ఐషమ్ అనే ఇంగ్లీషు ప్రభువు యిలాంటి మట్టిబొమ్మల్ని తెప్పించి, లాంపోర్టులో తన రాళ్లతోటలో నిలబెట్టాడు. వాటిలో ఒక్కటే మిగిలింది. లండనులో చెల్సీ పూలప్రదర్శనవారు వీళ్లను గుమ్మం తొక్కనిచ్చేవారు కారు. నూరేళ్ల సందర్భంగా 2013లో రానిచ్చారు.

వీడి వంశచరిత్ర సరే, మాకు తీర్పు చెప్పింది అమ్మ. ఆమెకు చూపు తగ్గుతోంది. అరుగుమీంచి చూస్తే మందారచెట్టు పచ్చటి మరకలా వుంటుందిట. దుకాణంలో దూరంగా కూర్చోబెట్టి బొమ్మలన్నీ చూపించాం. హంసను ఆనవాలు పట్టలేదు.

"ఆ ఎర్రటోపీ వాడెవడురా?" అంది.

నీరు నిలవకుండా అడుగున చిల్లి వున్నదీ, కాల్చిన మట్టిదీ చూసి కొన్నాం. ఇప్పుడు వాడు మందారం కింద వున్నాడు. పొద్దున్నే అమ్మ అరుగుమీదికి వచ్చి, "వున్నాడు" అనేదాకా నాకు కాఫీ సయించదు.