మీటరుకు గీటురాయి ఏది?

పోయిన సంక్రాంతికి చిలమకూరు పోయినప్పుడు మా నాయనను పదకొండు సార్లు నిచ్చెన ఎక్కించాను. లెక్క నాది కాదు, ఆయనదే. డెబ్బై దాటిన మనిషి. నేనెక్కుతానంటే వినడు, వేపచెట్టుకు ఏ కొమ్మ గట్టిదో తనకే తెలుసంటాడు. పదకొండోసారి మెట్టు జారింది. మోకాలు గీరుకోవడంతో సరిపోయింది. అంతకంటే ఏమన్నా అయ్యుంటే ఇది రాసే ధైర్యం నాకుండేది కాదు.

సంగతేంటంటే నాకు హామ్ రేడియో పిచ్చి. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను గానీ, నేనుండే అపార్ట్‌మెంటులో యాంటెన్నా కట్టనివ్వరు. అందుకని ఊళ్ళో మిద్దె నుంచి వేపచెట్టుకు 40 మీటర్ల బ్యాండుకు డైపోల్ కడదామనుకున్నా. లెక్క సులువే. 143ని మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే మొత్తం తీగ పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20 మీటర్ల చిల్లర, అంటే ఒక్కో పక్క పది. కాకపోతే ఎత్తును బట్టీ, చుట్టుపక్కల ఉన్నవాటిని బట్టీ ఇది మారుతుంది. కాబట్టి కొంచెం పొడవుగా కట్టి, కొలుస్తూ కత్తిరించాలి.

కొలవడానికి ఒక పాత యాంటెన్నా ఎనలైజర్ కొన్నాను, సెకండ్ హ్యాండు. అమ్మినాయన మోసగాడని అనుకోను, ఆయనకూ తెలిసుండదు. బటన్ నొక్కితే వెలిగింది, అంకెలు కదిలాయి, డబ్బులిచ్చేశాను.

ఈ పెట్టె చూపించేది ఎస్‌డబ్ల్యూఆర్. మనం పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె. 1 అంటే అంతా పోయినట్టు. 2 అంటే దాదాపు 11 శాతం వెనక్కి. 3 అయితే 25 శాతం. 2 దాటితే ఇప్పటి రేడియోలు చాలావరకు తమను తాము కాపాడుకోవడానికి పవర్ తగ్గించేస్తాయి.

మాకు 1.9 వచ్చింది. తీగ పొడవైందేమోనని రెండు పక్కలా బెత్తెడు కత్తిరించాం. 1.9. ఇంకో బెత్తెడు. 1.8! సంబరపడి ఇంకా కత్తిరించాం. సాయంత్రానికి ఒక్కో పక్కా ముప్పాతిక మీటరు పైగా పోయింది, అంకె మాత్రం అక్కడక్కడే తిరుగుతోంది. నాయన మోకాలికి పసుపు పెట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు మా చిన్నాయన వచ్చాడు. ప్రొద్దుటూరులో బంగారు అంగట్లో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. కథంతా విని ఒకటే అడిగాడు:

"ఏందిరా అబ్బీ, దీన్ని దేంతో పట్టి చూసినావు?"

నాకర్థం కాలేదు.

"గీటురాయి మీద నగ గీసినాక, పక్కన తెలిసిన బంగారు గీత కూడా ఉండల్ల గదా. ఒట్టి గీత చూసి ఎవడు చెప్తాడు?"

సిగ్గేసింది. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నా. ఫెయిలవ్వాల్సిన చోట ఫెయిలవ్వని టెస్టు ఎంత ప్రమాదమో జూనియర్లకు క్లాసులు పీకుతుంటా. ఆ పెట్టెను మాత్రం నేనే టెస్టు చెయ్యలేదు.

ప్రొద్దుటూరు పోయి ఒక టీవీ రిపేరు షాపులో 100 ఓమ్‌ల కార్బన్ రెసిస్టర్లు నాలుగు తెచ్చుకున్నా. (తీగచుట్టిన రకం పనికిరాదు, అదే ఒక కాయిల్ లాగా ప్రవర్తిస్తుంది.) కాళ్ళు పొట్టిగా కత్తిరించి పెట్టాను. రెండు కలిపి ప్యారలల్‌గా పెడితే 50 ఓమ్‌లు, అంకె 1 రావాలి. 1.4 వచ్చింది. ఒక్కటే పెడితే 2 రావాలి. 1.5. నాలుగూ కలిపితే 25 ఓమ్‌లు, అప్పుడూ 2 రావాలి. 1.7. అంటే తీగది కాదు తప్పు.

ఇలాంటి ఎనలైజర్లలో సిగ్నల్ కొలిచే చిన్న డయోడ్లు ఉంటాయి. యాంటెన్నాలో చేరిన స్టాటిక్ గానీ, పక్కనున్న ట్రాన్స్‌మిటర్ శక్తి గానీ లోపలికొస్తే అవి దెబ్బతింటాయి. డిస్‌ప్లే మాత్రం భేషుగ్గా వెలుగుతుంది.

కాబట్టి పాతది కొనేవాళ్ళు జేబులో ఆ నాలుగు రెసిస్టర్లూ వేసుకుని పోండి. ఏమీ తగిలించకుండా ఒకసారి, షార్ట్ చేసి ఒకసారి చూడండి. రెండుసార్లూ అంకె పైకి ఎగిరిపోవాలి. బర్డ్ 43 వాట్ మీటర్ దొరికితే బేరం మంచిదే, కానీ దానిలో పెట్టే ఎలిమెంట్ మీ ఫ్రీక్వెన్సీకీ పవర్‌కీ సరిపోవాలి. 2 నుంచి 30 మెగాహెర్ట్జ్, 100 వాట్లకైతే 100హెచ్. ఎమ్‌ఎఫ్‌జే వాళ్ళు 2024లో తయారీ ఆపేశారు, వాళ్ళ పాత ఎనలైజర్లు కొనేటప్పుడు రిపేరు సంగతి కూడా ఆలోచించుకోండి. నానోవీఎన్‌ఏ అయితే కొత్తదే చాలా పాత పెట్టెలకంటే చవక. పైగా ఓపెన్, షార్ట్, 50 ఓమ్‌లు తగిలించి క్యాలిబ్రేట్ చెయ్యనిదే దాని మాట నమ్మకూడదు. చిన్నాయన చెప్పిన పక్క గీత అన్నమాట.

ఇంత చాదస్తం ఎందుకంటారా? 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హామ్ రేడియో కోసమని పోర్ట్ బ్లెయిర్ పోయున్న భారతీ ప్రసాద్ బృందం అక్కడినుంచే కబుర్లు చేరవేసింది. అలాంటి రోజున తీగ కత్తిరించుకుంటూ కూర్చోలేం కదా.

వచ్చే నెల మళ్ళీ ఊరికి పోతున్నా, కొత్త తీగ చుట్టతో. ఈసారి నిచ్చెన నేనెక్కుతా, నాయన కింద పట్టుకుంటాడు. ఆయనింకా ఒప్పుకోలేదనుకోండి.