మాటల చికిత్సకు పోవు సోదరీమణులకు

చెప్పిన మానము పోవును, చెప్పకున్న ప్రాణము పోవునని మన పెద్దలు చెప్పు సామెత స్త్రీల విషయమున నెంత నిజమో మన సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కరలేదు. జ్వరము వచ్చిన వైద్యుని పిలుతుము. కంటిలో శుక్లము ముదిరిన శస్త్రము చేయించుకొందుము. మనసునకు నొప్పి కలిగినప్పుడు మాత్రము వంటింటి తలుపు దగ్గఱగా వేసికొని పమిట చెఱగుతో కన్నులు తుడుచుకొందుము. ఇప్పుడు మన విశాఖపట్టణమున మాటలతోనే చికిత్స చేయు సైకాలజిస్టులు సొంత గదులు పెట్టుకొని యున్నారు. వారి కడకు పోవలెనని తలంచియు, అచ్చట నేమి జరుగునో తెలియక గడప దాటలేనివారు పెక్కుమంది కలరు. మేము ఎనిమిది నెలలు అట్టి గదికి పోయివచ్చినవారము. కావున, ముందుగా నెఱిగియుండిన మేలగు సంగతులను కొన్నింటిని ఇచ్చట వ్రాయుచున్నాము.

మా కాపురము ఉక్కునగరమున. మా అత్తగారు పక్షవాతముతో ఎనిమిదేండ్లు మంచము పట్టియుండిరి. మా వారికి కర్మాగారములో షిఫ్టుల ఉద్యోగము. పిల్లలు చదువులకై దూరమున నుండిరి. రాత్రి రెండు గంటలకొకసారి ఆమెను ప్రక్కకు తిప్పుట, తెల్లవాఱుజామున పక్కబట్టలు మార్చుట, గొట్టముతో పాలు పోయుట మా వంతు. ఆమె పోయిన దినమున బంధువులందఱు మమ్ము మెచ్చుకొనిరి. పదునొకండు దినములు గడచినవి. అటుపిమ్మట మాకు నిద్ర పోయినది. రాత్రి రెండు కొట్టునప్పటికి ఎవరో పిలిచినట్లు లేచి కూర్చుండెడివారము. గుండె దడదడ కొట్టుకొనెడిది. రక్తపరీక్షలు చేయించితిమి, గుండెకు ఇ.సి.జి. తీయించితిమి. ఏ దోషమును కానరాలేదు. అప్పుడు మా వైద్యుడు, “మీ గుండె బాగానే ఉందమ్మా. ఒకసారి సైకాలజిస్టును కలవండి,” అని చెప్పెను.

ఈ మాట వినగానే మన ఊరివారికి వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల జ్ఞప్తికి వచ్చును. ఆంగ్లేయుల నాటినుండి యున్న యా వైద్యశాలను జనులు పిచ్చాసుపత్రి యని పిలిచి పిలిచి, దాని పేరు చెప్పిననే భయపడునట్లు చేసినారు. అచ్చటికి పోవుటయు అవమానము కాదు. అయినను ఎవరు ఏ పని చేయుదురో తెలిసికొనుట మంచిది. సైకియాట్రిస్టు వైద్యవిద్య చదివి, ఆపైన మనోరోగముల శాస్త్రమును నేర్చిన డాక్టరు; మందులు వ్రాయుట కధికారము గలవాడు. క్లినికల్ సైకాలజిస్టు మనశ్శాస్త్రమున పై చదువు చదివి, చికిత్సలో శిక్షణ పొంది, భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకొన్నవారు. వీరు మందులు వ్రాయరు. ఇక కౌన్సిలరని పలక కట్టుకొన్న వారందఱికిని ఒకే తీరు శిక్షణ యుండదు. కావున, “మీరేమి చదివినారు? మీ నమోదు సంఖ్య యేది?” అని యడుగుటకు సిగ్గుపడరాదు. మంచివారు ఈ ప్రశ్నకు కోపగింపరు.

అపాయింటుమెంటు కొఱకు ఫోను చేసినప్పుడే అడిగి తెలిసికొనవలసిన సంగతులు మఱికొన్ని కలవు. ఫీజు ఎంత? ఒక్కొక్క కూర్పు ఎంతసేపు? రాలేకపోయిన యెడల ఎన్ని గంటల ముందు చెప్పవలెను? సాధారణముగ ఒక కూర్పు ముప్పాతిక గంట మొదలు గంటవఱకు నుండును. మొదట వారమున కొకసారి రమ్మందురు. నాలుగు వారముల ఫీజు మా యింట నెలకగు పాలకును కూరగాయలకును సరిపోయెడిది. ఈ సంగతి దాచనక్కరలేదు. ఇంటి ఖర్చులో దీనికొక పద్దు వ్రాసికొనని యెడల, రెండవ నెలలో చికిత్సకంటె ముందుగా డబ్బే మనలను ఆపివేయును.

మా వారు తొలుత ఒప్పుకొనలేదు. “ఇంటిగుట్టు లంకకు చేటు,” అనిరి. మంచి ప్రశ్నయే. లంకగుట్టు చెప్పినవాడు ఇంటివాడు, విన్నవాడు శత్రువు. ఇచ్చట వినువారు శత్రువులును గారు, చుట్టములును గారు. అదియే యీ చికిత్సలోని కీలకము. పొరుగింటి పిన్నిగారితో చెప్పుకొన్న మాట సాయంకాలమునకు క్వార్టర్ల వరుస చివఱకు పోవును. తోడబుట్టిన దానితో చెప్పుకొందమన్న, ఆమెకును మా అత్తగారి పక్షమువారితో రాకపోకలు గలవు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్స చేయువారు రోగి సంగతులను రహస్యముగ నుంచవలెనని విధించినది. ప్రాణహాని కలుగునట్లున్నప్పుడును, న్యాయస్థానము ఆజ్ఞాపించినప్పుడును మినహాయింపు గలదు. పిల్లలపై లైంగిక దౌర్జన్యము జరిగినట్లు తెలిసిన యెడల, 2012వ సంవత్సరపు పోక్సో చట్టము ననుసరించి ఎవరైనను అధికారులకు తెలుపవలసినదే. మంచి చికిత్సకులు ఈ హద్దులను మొదటి దినముననే విప్పి చెప్పుదురు. చెప్పకున్న మీరే యడుగుడు.

గాజువాక మీదుగా బస్సులో పట్టణమునకు పోయి మొదటిసారి ఆ గదిలో కూర్చుంటిమి. చిత్రములలో చూపునట్లు పడుకొనుటకు మంచమేమియు లేదు. ఎదురెదురుగా రెండు కుర్చీలు, ఒక గోడగడియారము, చేతికందునట్లు కాగితపు రుమాళ్ల పెట్టె. ఆమె మాకంటె వయసున చిన్నది. నిద్ర, ఆకలి, తినుచున్న మందులు, పూర్వపు జబ్బులు, పుట్టింటి సంగతి, అత్తింటి సంగతి వరుసగ నడిగి వ్రాసికొనెను. “ఎప్పుడైనా చనిపోవాలని అనిపించిందా?” అని కూడ తిన్నగా నడిగెను. ఈ ప్రశ్నకు బెదరవలదు. అడిగినంత మాత్రమున లేని యాలోచన పుట్టదు. ఉన్న యాలోచన చెప్పుకొనుటకు దారి దొరకును. ఏడ్పు వచ్చిన ఏడ్వవచ్చును. ఏడ్పు రాకున్నను దోషము లేదు. మొదటి దినమున మాకు రాలేదు.

రెండవ మూడవ వారములలో మాకు నిరుత్సాహము గలిగినది. ఆమె యుపదేశము చేయదు, వ్రతము చెప్పదు, “సర్దుకుపోండి” యనదు. మన మాటనే మరల మన ముందు పెట్టి ఊరకుండును. ఇంత ఫీజు ఇచ్చి మా మాటలు మేమే వినుటయా యని తోచినది. పెక్కుమంది ఇచ్చటనే మానివేయుదురట. ఈ చికిత్సకు మాటల చికిత్స యని పేరు పెట్టినది డాక్టరు కాడు, ఒక స్త్రీ. 1880 మొదలు 1882 వఱకు వియన్నా నగరమున డాక్టరు బ్రాయరు కడ చికిత్స పొందిన బెర్తా పప్పెన్‌హైము అను యువతి యా పేరు పెట్టెను. ఆమెకును వెంటనే స్వస్థత కలుగలేదు. తరువాతను వైద్యశాలలలో నుండవలసి వచ్చెను. కాని ఆమెయే పిమ్మట 1904లో జర్మనీయందు యూదు స్త్రీల సంఘమును స్థాపించి నిస్సహాయులగు బాలికల కొఱకు పాటుపడెను. మన దేశమునను ఈ విద్య క్రొత్తది కాదు. గిరీంద్రశేఖర బోసుగారు 1922లోనే కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘమును నెలకొల్పిరి.

నాలుగవ వారమున ఆమె, “మీ అత్తగారి సంగతి చాలా చెప్పారు. ఆ ఎనిమిదేళ్లలో మీ సంగతి ఒక్కటీ చెప్పలేదు,” అనెను. గడియారము చప్పుడు తప్ప మఱేమియు వినబడలేదు. మేమెవ్వరికిని చెప్పని మాట యప్పుడు బయటికి వచ్చినది. అత్తగారి శ్వాస ఆగిన క్షణమున మా మనసున తోచిన మొదటి మాట దుఃఖము కాదు. “ఇక రేపు లేవనక్కరలేదు” అన్నది. అందఱు మమ్ము మెచ్చుకొనుచుండగా ఆ మాట లోపల ముల్లువలె నాటుకొని యుండినది. ఆమె ఛీయనలేదు, ఫరవాలేదనియు ననలేదు. “ఆ మాట అన్న మనిషి ఎన్నాళ్లనుంచి నిద్రపోలేదు?” అని మాత్ర మడిగెను. మేము లెక్క పెట్టితిమి. ఎనిమిదేండ్లు. ఆ దినముననే మాకు ఏడ్పు వచ్చినది. అత్తగారి కొఱకును ఏడ్చితిమి, మా కొఱకును ఏడ్చితిమి.

ఆ రాత్రియే నిద్ర పట్టినదని వ్రాసిన అబద్ధమగును. తరువాతి రెండు వారములు మఱింత కష్టముగ నుండెను; పుండు కడిగినప్పుడు మంట పుట్టినట్లు. ఇదియు ముందుగా నెఱిగియుండవలసినదే. ఆమె యింటి పని కొంత యిచ్చెను: పడుకొను వేళయు లేచు వేళయు వ్రాయుట; నడిరేయి వచ్చిన ఆలోచనను కాగితముపై పెట్టి, దానికి సాక్ష్యమేమి, ఎదురు సాక్ష్యమేమి యని పగటివేళ చూచుట. ఇట్టి పద్ధతిని అమెరికాలో డాక్టరు ఆరన్ బెక్‌ 1960 ప్రాంతమున రూపొందించిరి. మూడవ నెలలో రాత్రి రెండింటి మెలకువ వారమునకు రెండు మూడు సారులకు దిగినది. ఎనిమిదవ నెలలో, ఇక అవసరమైనప్పుడే రమ్మని ఆమెయే చెప్పెను.

ఒకరితో మనసు కుదరకున్న మఱియొకరి కడకు పోవచ్చును. అది కృతఘ్నత కాదు. ఇన్ని దినములలో నయము చేసెదనని పందెము కట్టువారిని, ఇతర రోగుల కథలు మనకు చెప్పువారిని, డాక్టరిచ్చిన మందులు మానుమనువారిని, గది వెలుపల చనువు కోరువారిని వెంటనే విడిచిపెట్టవలెను. ఫీజు ఇచ్చుకొనలేనివారికి వాల్తేరు వైద్యశాల యుండనే యున్నది. ప్రభుత్వమువారు 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 అను సంఖ్యతో పగలైనను రాత్రియైనను ఉచితముగ ఫోను చేసి తెలుగున మాటలాడవచ్చును.

2015–16 సంవత్సరముల జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మన దేశపు పెద్దలలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసిక బాధతో నున్నట్లు తేలినది. మీ వీధిలో ఎన్ని గడపలున్నవో లెక్కించి చూడుడు. ఎవరైనను సోదరి, “నిద్ర పట్టుట లేదు, గుండె దడగా నున్నది,” అనిన యెడల దిష్టి తీయుడు, కషాయము నిండు. దానితోబాటు ఆమె యెన్నాళ్లనుండి నిద్రపోలేదో యడుగుడు. తోడు కావలెనన్నచో ఆ గది తలుపువఱకు పోయి, వెలుపల కూర్చుండుడు. లోపల నేమి మాటలాడినదో మాత్ర మడుగవలదు.